రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా డొమైన్‌లోకి లాగిన్ కావడం ఎలా: సెట్టింగుల నుంచి ఎర్రర్ల దాకా

రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే దూరంలో ఉన్న కంప్యూటర్ తెరను మన దగ్గర తెరిచి వాడే ఏర్పాటులో, లాగిన్ కుదరకపోతే చాలామంది మొదట పాస్‌వర్డ్‌నే అనుమానిస్తారు. మళ్లీ కొడతారు, ఇంకోసారి కొడతారు, చివరికి అకౌంట్ లాక్ అవుతుంది. అప్పటిదాకా ఒక్క సమస్యే ఉన్నచోట ఇప్పుడు రెండు తయారవుతాయి.

ఒక సంస్థ కంప్యూటర్లను, అకౌంట్లను ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటే డొమైన్. డొమైన్ అకౌంట్‌తో రిమోట్ లాగిన్ జరగాలంటే మూడు విషయాలు కుదరాలి. మీ కంప్యూటర్ నుంచి అవతలి కంప్యూటర్‌కి నెట్‌వర్క్ దారి ఉండాలి. మీరిచ్చిన పేరు, పాస్‌వర్డ్ సరైనవేనని డొమైన్ కంట్రోలర్ (ఆ అకౌంట్లను చూసుకునే సర్వర్) ఒప్పుకోవాలి. ఆ అకౌంట్‌కి ఆ కంప్యూటర్‌లో రిమోట్‌గా లాగిన్ అయ్యే హక్కు ఉండాలి. చాలా ఎర్రర్లు ఈ మూడింటిలో ఒకచోట పుట్టినవే. ఎక్కడ పుట్టిందో పోల్చుకోగలిగితే సగం పని అయిపోయినట్టే.

కమాండ్లను, బటన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఉదాహరణల కోసం డొమైన్ చిన్న పేరు "ఆఫీస్" అని, పూర్తి పేరు "ఆఫీస్.లోకల్" అని, యూజర్ పేరు "రవి" అని, అవతలి కంప్యూటర్ పేరు "అకౌంట్స్05" అని అనుకుందాం.

ఏ కంప్యూటర్ డొమైన్‌లో ఉండాలి?

అవతలిది, అంటే మీరు లాగిన్ కాబోయేది. మీ ముందున్న కంప్యూటర్ డొమైన్‌లో ఉండాల్సిన పనిలేదు. సొంత ల్యాప్‌టాప్ కావచ్చు, విండోస్ హోమ్ ఎడిషన్ కావచ్చు, మ్యాక్ కావచ్చు, లినక్స్ కావచ్చు. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌కి కనెక్ట్ కావచ్చు గానీ, హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి బయటి నుంచి కనెక్ట్ కాలేం. అది డొమైన్‌లో చేరడం కూడా కుదరదు. అవతల ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఒకటో, విండోస్ సర్వరో ఉండాలి.

అవతలి కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

అవతలి కంప్యూటర్ దగ్గర అడ్మిన్ హక్కులున్న అకౌంట్‌తో కూర్చుని ఈ పని చేయాలి. సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వెళ్లి స్విచ్ ఆన్ చేయండి. పాత పద్ధతే అలవాటైతే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "సిస్‌డీఎం.సీపీఎల్" అని కొట్టి, వచ్చిన కిటికీలో రిమోట్ ట్యాబ్ చూడండి. అక్కడ నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ అనే టిక్ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. సెషన్ తెరవకముందే, లాగిన్ స్క్రీన్ కూడా చూపించకముందే మీరెవరో నిర్ధారించే ఏర్పాటు అది. ఏదో ఎర్రర్ వచ్చిందని దాన్ని తీసేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అలా తీసేస్తే ఆ కంప్యూటర్‌కి దారి ఉన్న ఎవరికైనా లాగిన్ స్క్రీన్ దొరికిపోతుంది. 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్‌లలోకి చొరబడే వీలిచ్చింది. ఈ టిక్ ఉన్నచోట మాత్రం దాన్ని వాడుకోవాలంటే ముందు సరైన అకౌంట్ కావాల్సి వచ్చింది.

తర్వాత పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను "నెవర్" చేయండి. నిద్రపోయిన కంప్యూటర్ కనెక్షన్‌కి పలకదు. పొద్దున పనిచేసి మధ్యాహ్నం పనిచేయని కనెక్షన్లకు తరచుగా ఇదే కారణం.

కంప్యూటర్ పూర్తి పేరు కూడా అక్కడే రాసిపెట్టుకోండి. "అకౌంట్స్05.ఆఫీస్.లోకల్" లాంటి పూర్తి పేరు కావాలి. ఐపీ అడ్రస్ చాలదా అంటే, చాలాచోట్ల కనెక్షన్ వస్తుంది గానీ దానికో మూల్యం ఉంది. పేరుతో కనెక్ట్ అయితే విండోస్ కెర్బెరోస్ అనే పద్ధతిలో, డొమైన్ కంట్రోలర్ ఇచ్చే టిక్కెట్లతో మిమ్మల్ని గుర్తిస్తుంది. ఐపీ అడ్రస్‌తో అయితే మామూలుగా పాతదైన ఎన్‌టీఎల్‌ఎం అనే పద్ధతికి దిగుతుంది. ఎన్‌టీఎల్‌ఎంని ఆపేసిన సంస్థల్లో ఐపీ అడ్రస్‌తో లాగిన్ కుదరదు. అదనపు రక్షణ కోసం ఉన్న "ప్రొటెక్టెడ్ యూజర్స్" గ్రూపులోని అకౌంట్లదీ అదే పరిస్థితి. పేరుతో వెళ్తే పనిచేసి ఐపీతో వెళ్తే "క్రెడెన్షియల్స్ పనిచేయలేదు" అని వస్తోందంటే కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది.

ఎవరికి అనుమతి ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. డొమైన్‌లో అకౌంట్ ఉన్నంత మాత్రాన రిమోట్‌గా లాగిన్ అయ్యే హక్కు రాదు. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావడం ఒక హక్కు, దూరం నుంచి లాగిన్ కావడం ఇంకో హక్కు. రెండోది మొదటినుంచీ ఆ కంప్యూటర్‌లోని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపుకి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపుకి మాత్రమే ఉంటుంది.

కాబట్టి రవిని అకౌంట్స్05లోని రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో చేర్చాలి. రిమోట్ ట్యాబ్‌లో "సెలెక్ట్ యూజర్స్", తర్వాత "యాడ్" నొక్కండి. "లొకేషన్స్" దగ్గర కంప్యూటర్ పేరు కాకుండా డొమైన్ పేరు ఉందో లేదో చూసుకోండి. యూజర్ పేరు కొట్టి "చెక్ నేమ్స్" నొక్కితే పేరు కింద గీత పడాలి. గీత పడకుండా పేరు దొరకలేదంటే, పేరులో తప్పయినా ఉండాలి, ఈ కంప్యూటర్‌కి డొమైన్ కంట్రోలర్ అందకుండానైనా ఉండాలి. రెండోదైతే ముందుకెళ్లకుండా అక్కడే ఆగి దాని సంగతి చూడండి. ఇప్పుడు పేరే వెతకలేని కంప్యూటర్ రేపు పాస్‌వర్డ్‌ని కూడా ధ్రువీకరించలేదు.

కమాండుతో చేయాలంటే అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టండి: నెట్ లోకల్‌గ్రూప్ "రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్" ఆఫీస్\రవి /యాడ్. గ్రూపు పేరు మధ్యలో ఖాళీలు ఉన్నాయి కాబట్టి కొటేషన్ గుర్తులు తప్పనిసరి.

సర్వర్ అడ్మిన్లు కూడా మోసపోయే చోటు ఒకటుంది. డొమైన్ అకౌంట్లు, గ్రూపులు ఉండే యాక్టివ్ డైరెక్టరీలో "బిల్టిన్" అనే ఫోల్డర్ తెరిస్తే అక్కడా రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ అనే గ్రూపు కనిపిస్తుంది. అందులో చేర్చేస్తే డొమైన్‌లోని అన్ని కంప్యూటర్లకూ హక్కు వచ్చేస్తుందని అనుకుంటారు. రాదు. ఆ గ్రూపు డొమైన్ కంట్రోలర్లకు మాత్రమే చెందినది. పైగా డొమైన్ కంట్రోలర్ల మీద రిమోట్ లాగిన్ హక్కు మొదట్లో అడ్మినిస్ట్రేటర్స్‌కే ఉంటుంది కాబట్టి, అక్కడ కూడా ఆ గ్రూపులో చేర్చినంతనే తలుపు తెరుచుకోదు. మామూలు యూజర్లకు డొమైన్ కంట్రోలర్ మీద ఆ హక్కు అసలు ఇవ్వకూడదు కూడా.

పదుల కంప్యూటర్లకు ఒకేసారి ఇవ్వాలంటే డొమైన్‌లో ఒక కొత్త గ్రూపు పెట్టి, చాలా కంప్యూటర్లకు ఒకేసారి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లోని "లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్" ద్వారా ఆ గ్రూపును ప్రతి కంప్యూటర్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్‌లో చేర్చండి. తర్వాత మనుషులను చేర్చడం, తీయడం ఆ ఒక్క గ్రూపులోనే జరిగిపోతుంది. "డొమైన్ యూజర్స్" గ్రూపును మొత్తంగా అందులో పడేయడం మాత్రం చేయకండి. ఒక్కరి పాస్‌వర్డ్ బయటకి పోతే ఆ కంప్యూటర్లన్నిటికీ దారి తెరిచినట్టవుతుంది.

పాలసీలో "డినై లాగ్ ఆన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్" అనే ఇంకో వరుస ఉంటుంది. యూజర్ గానీ, అతనున్న ఏ గ్రూపు గానీ అందులో ఉంటే, అనుమతి ఎన్నిచోట్ల ఇచ్చినా చెల్లదు. నిరాకరణదే ఎప్పుడూ పైచేయి. అన్నీ సరిగ్గా ఉన్నా లాగిన్ కుదరకపోతే ఈ వరుసను తప్పకుండా చూడండి.

నెట్‌వర్క్ దారి ఉందో లేదో చూడటం

ఇప్పుడు మీ కంప్యూటర్ దగ్గరకు రండి. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు మీద నడుస్తుంది. టీసీపీ తప్పనిసరి, యూడీపీ కూడా తెరిచి ఉంటే బొమ్మ సాఫీగా కదులుతుంది. పవర్‌షెల్ తెరిచి ఇలా కొట్టండి: టెస్ట్-నెట్‌కనెక్షన్ అకౌంట్స్05.ఆఫీస్.లోకల్ -పోర్ట్ 3389.

చివరి వరుసలో టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ ఎదురుగా "ట్రూ" వస్తే దారి ఉన్నట్టు. "ఫాల్స్" వస్తే పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి, సమస్య ఇంకా అక్కడిదాకా రాలేదు. పింగ్ పలకలేదని మాత్రం కంగారు పడొద్దు. చాలాచోట్ల ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి 3389ని వదిలిపెడుతుంది.

పేరే దొరకలేదంటే సమస్య డీఎన్‌ఎస్‌ది, అంటే కంప్యూటర్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సేవది. డొమైన్‌లోని కంప్యూటర్ల పేర్లు ఆ డొమైన్ డీఎన్‌ఎస్ సర్వర్‌కే తెలుసు. ఇంటి రౌటర్‌కో, ఇంటర్నెట్‌లోని పబ్లిక్ డీఎన్‌ఎస్‌కో తెలియవు. వీపీఎన్ (బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) కనెక్ట్ అయ్యాక కూడా మీ కంప్యూటర్ పాత డీఎన్‌ఎస్‌నే అడుగుతుంటే పేరు దొరకదు. "ఎన్‌ఎస్‌లుకప్" అని కొట్టి ఖాళీ వదిలి కంప్యూటర్ పూర్తి పేరు ఇవ్వండి. జవాబిచ్చిన సర్వర్ ఏదో పై వరుసలోనే కనిపిస్తుంది. అది సంస్థ డీఎన్‌ఎస్ కాకపోతే వీపీఎన్ సెట్టింగుల్లో సరిచేయించుకోవాలి. చిన్న పేరు పనిచేయక పూర్తి పేరు పనిచేస్తుంటే వీపీఎన్‌లో డీఎన్‌ఎస్ సఫిక్స్ (చిన్న పేరు చివర తగిలించే డొమైన్ పేరు) లేదని అర్థం. పూర్తి పేరే వాడుకోండి, పని జరిగిపోతుంది.

పేరు దొరికి పోర్టు మూసి ఉంటే అవతలి ఫైర్‌వాల్ వైపు చూడండి. విండోస్ ఫైర్‌వాల్‌లో డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు ప్రొఫైళ్లుంటాయి. కంప్యూటర్‌కి డొమైన్ కంట్రోలర్ కనిపిస్తేనే అది తన నెట్‌వర్క్‌ని "డొమైన్" అని గుర్తిస్తుంది. కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేచినప్పుడు, డొమైన్ కంట్రోలర్ కంటే ముందే లేచిన కంప్యూటర్ తన నెట్‌వర్క్‌ని "పబ్లిక్" అనుకుని కూర్చోవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ రూలు డొమైన్ ప్రొఫైల్‌కి మాత్రమే రాసి ఉంటే, నిన్నటిదాకా పనిచేసిన కనెక్షన్ ఈరోజు ఆగిపోతుంది. సెట్టింగులన్నీ చూస్తే సరిగ్గానే ఉంటాయి. నెట్‌వర్క్ అడాప్టర్‌ని ఒకసారి డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేస్తే చాలాసార్లు ప్రొఫైల్ సరైపోతుంది.

సంస్థ బయటి నుంచి వస్తున్నారా? రౌటర్‌లో 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి. తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతటినీ గాలించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. మీది కనిపెట్టగానే పాస్‌వర్డ్‌లు ఊహించడం మొదలుపెడతాయి. పోర్టు నంబరు మార్చినా వాటికి కనిపించకుండా పోదు. వీపీఎన్ వాడండి, లేదంటే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెట్టించండి. గేట్‌వే 443 పోర్టు మీద ఎన్‌క్రిప్ట్ చేసిన దారిలో మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తుంది. దానికి రెండు పాలసీలుంటాయి. ఎవరు రావచ్చో ఒకటి చెబుతుంది, వచ్చినవాళ్లు ఏ కంప్యూటర్‌కి వెళ్లవచ్చో రెండోది చెబుతుంది. గేట్‌వే దాకా వచ్చి లోపలి కంప్యూటర్‌కి వెళ్లలేకపోతున్నారంటే రెండో పాలసీలో ఆ కంప్యూటర్ పేరు లేదని అర్థం. కొన్నిసార్లు జాబితాలో చిన్న పేరు ఉంటుంది, మీరు పూర్తి పేరు కొడుతుంటారు. రెండూ చేర్పించండి.

కనెక్ట్ కావడం

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "ఎంఎస్‌టీఎస్‌సీ" అని కొట్టండి. వచ్చిన చిన్న కిటికీలో "షో ఆప్షన్స్" నొక్కితే మొత్తం సెట్టింగులు తెరుచుకుంటాయి. కంప్యూటర్ గడిలో పూర్తి పేరు ఇవ్వండి. గేట్‌వే ఉంటే "అడ్వాన్స్‌డ్" ట్యాబ్‌లో దాని పేరు ఇవ్వండి.

యూజర్ నేమ్ గడి దగ్గర కాస్త నిదానంగా ఉండండి. డొమైన్ అకౌంట్‌ని రెండు రకాలుగా రాయొచ్చు. మొదటిది "ఆఫీస్\రవి": ముందు డొమైన్ చిన్న పేరు, మధ్యలో బ్యాక్‌స్లాష్, తర్వాత యూజర్ పేరు. రెండోది ఈమెయిల్ ఆకారంలో "రవి@ఆఫీస్.లోకల్". బ్యాక్‌స్లాష్ బదులు మామూలు స్లాష్ పడితే మొత్తాన్నీ ఒకే పేరుగా చదివి, అలాంటి యూజర్ లేడంటుంది. ఈమెయిల్ ఆకారంలో ఉన్నది అసలు ఈమెయిలే కానక్కర్లేదు. అడ్మిన్ ఏ పేరు పెడితే అదే, కాబట్టి ఒకసారి అడిగి తెలుసుకోండి. చిన్న పేరు గరిష్ఠంగా 15 అక్షరాలే. పూర్తి పేరులోని మొదటి భాగమే చిన్న పేరై ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. డొమైన్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా "హూయామై" అని కొడితే సరైన చిన్న పేరు తెలిసిపోతుంది.

డొమైన్ పేరు లేకుండా ఉత్త "రవి" అని కొట్టకండి. అది ఏ రవి అన్నది కంప్యూటర్ ఊహకి వదిలేసినట్టవుతుంది. అవతలి కంప్యూటర్‌లో అదే పేరుతో లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌కే పరిమితమైన అకౌంట్) ఉంటే దాని పాస్‌వర్డ్‌తోనే పోల్చి చూడొచ్చు. మీ సొంత ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవుతుంటే విండోస్ తనంతట తాను మీ ల్యాప్‌టాప్ అకౌంట్ పేరు చూపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. పైన ఉన్న పేరు చదవకుండా డొమైన్ పాస్‌వర్డ్ కొట్టేసి, తప్పంటోందని బాధపడేవాళ్లు ఎందరో. అక్కడ "మోర్ చాయిసెస్", తర్వాత "యూజ్ ఎ డిఫరెంట్ అకౌంట్" నొక్కి ఆఫీస్\రవి అని ఇవ్వండి. దీనికి వ్యతిరేకంగా, డొమైన్ అకౌంట్ కాకుండా ఆ కంప్యూటర్ లోకల్ అకౌంటే కావాలంటే డొమైన్ పేరు స్థానంలో ఆ కంప్యూటర్ పేరు పెట్టండి: అకౌంట్స్05\అడ్మిన్.

మ్యాక్‌లో మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ అనే యాప్ ఉండేది, 2024లో దాని పేరు విండోస్ యాప్‌గా మారింది. అందులోనూ యూజర్ పేరు ఇదే తీరులో ఇవ్వాలి. లినక్స్‌లో రెమ్మినా వాడుతుంటే డొమైన్‌కి విడిగా గడి ఉంటుంది. ఆ గడిలో డొమైన్ పేరు, యూజర్ గడిలో ఉత్త యూజర్ పేరు పెట్టాలి.

కనెక్ట్ నొక్కాక సర్టిఫికెట్ హెచ్చరిక రావచ్చు. అవతలి కంప్యూటర్ తన సర్టిఫికెట్‌ని తానే తయారుచేసుకుని ఉంటే, లేదా మీరు ఐపీ అడ్రస్‌తో వెళ్తే ఇది మామూలే. కానీ చదవకుండా "యెస్" నొక్కొద్దు. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు మీరు వెళ్లాలనుకున్న కంప్యూటర్‌దేనా అని చూడండి. రోజూ హెచ్చరిక లేకుండా కనెక్ట్ అయ్యే కంప్యూటర్‌కి ఈరోజు కొత్తగా వస్తే అడ్మిన్‌ని అడగండి.

"లోకల్ రిసోర్సెస్" ట్యాబ్‌లో క్లిప్‌బోర్డ్, ప్రింటర్లు, డ్రైవులు పంచుకునే టిక్‌లుంటాయి. క్లిప్‌బోర్డ్ చాలు. డ్రైవులు పంచుకుంటే అవతలి కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు మీ ఫైళ్లను చూడగలవు, అవసరం పడినప్పుడే టిక్ పెట్టండి.

నిజంగా డొమైన్‌లోకే వెళ్లారా?

డెస్క్‌టాప్ కనిపించగానే పని అయిపోయిందనుకోవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో "హూయామై" కొడితే ఆఫీస్\రవి అని రావాలి. కంప్యూటర్ పేరుతో మొదలైతే మీరు లోకల్ అకౌంట్‌తో ఉన్నట్టు, షేర్ ఫోల్డర్లు తెరుచుకోకపోవడానికి కారణం అదే. తర్వాత "ఎకో %లాగాన్‌సర్వర్%" కొడితే మిమ్మల్ని ధ్రువీకరించిన డొమైన్ కంట్రోలర్ పేరు వస్తుంది. అయితే కంప్యూటర్ దాచుకున్న పాత వివరాలతో లాగిన్ జరిగినా అక్కడ పాత పేరే కనిపించవచ్చు. "కేలిస్ట్" కొట్టి చూడండి. టిక్కెట్ల జాబితా వస్తే డొమైన్ కంట్రోలర్‌తో నిజంగానే మాట జరిగింది.

మొదటిసారి లాగిన్ అయినప్పుడు మీ ప్రొఫైల్ తయారీకి, పాలసీలు దిగడానికి కొంత సమయం పడుతుంది. మధ్యలో కనెక్షన్ మూసేయకండి.

ఎర్రర్లు, వాటి వెనకున్న కారణాలు

"యూజర్ అకౌంట్ ఈజ్ నాట్ ఆథరైజ్‌డ్ ఫర్ రిమోట్ లాగిన్" అని వస్తే సంతోషించండి, పాస్‌వర్డ్ సరైనదే. రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో పేరు లేదు, లేదా నిరాకరణ వరుసలో ఉంది. యూజర్‌ని డొమైన్ గ్రూపులో ఇప్పుడే చేర్చి ఉంటే, అతను తన కంప్యూటర్‌లో సైన్ ఔట్ అయ్యి మళ్లీ లాగిన్ కావాలి. కెర్బెరోస్ టిక్కెట్ మామూలుగా 10 గంటలు చెల్లుతుంది, పాత టిక్కెట్‌లో కొత్త గ్రూపు ఉండదు.

"క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ రెమెడియేషన్" అనే మాటలు కనిపిస్తే రెండు కంప్యూటర్లలో ఒకదానికి అప్‌డేట్లు పడలేదు. 2018 మార్చిలో ఒక భద్రతా లోపానికి అప్‌డేట్ వచ్చింది, మే నెల నుంచి అప్‌డేట్ లేని అవతలి పక్షంతో మాట్లాడకుండా విండోస్ ఆపేసింది. పాలసీని "వల్నరబుల్"కి మార్చి దాటేయమని సలహాలు దొరుకుతాయి. ఆ లోపం అలాగే ఉండిపోతుంది. అప్‌డేట్ లేని కంప్యూటర్‌కి అప్‌డేట్ వేయడమే అసలు వైద్యం.

"డొమైన్ కంట్రోలర్ కెనాట్ బి కాంటాక్టెడ్ టు పెర్ఫామ్ ఎన్‌ఎల్‌ఏ" (ఎన్‌ఎల్‌ఏ అంటే నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషనే) అని వస్తే మీ పాస్‌వర్డ్‌ని ధ్రువీకరించడానికి అవతలి కంప్యూటర్‌కి డొమైన్ కంట్రోలర్ దొరకలేదు. అవతలి కంప్యూటర్ డీఎన్‌ఎస్ సెట్టింగులు చూడండి. స్థిరమైన ఐపీ పెట్టినప్పుడు రెండో డీఎన్‌ఎస్‌గా పబ్లిక్ సర్వర్ పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. డొమైన్ కంప్యూటర్‌కి రెండు గడుల్లోనూ డొమైన్ డీఎన్‌ఎస్ సర్వర్లే ఉండాలి.

"ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్" అన్నది వేరే సంగతి. మనుషులకు లాగే డొమైన్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక అకౌంట్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ పాస్‌వర్డ్‌ని కంప్యూటర్ తానే మామూలుగా 30 రోజులకోసారి మార్చుకుంటుంది. వర్చువల్ మెషిన్‌ని పాత స్నాప్‌షాట్‌కి (దాచిపెట్టిన పాత స్థితికి) వెనక్కి తిప్పితే దాని దగ్గర పాత పాస్‌వర్డ్, డొమైన్ దగ్గర కొత్తది మిగులుతాయి. లోకల్ అడ్మిన్‌గా లాగిన్ అయి పవర్‌షెల్‌లో టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ -రిపేర్ -క్రెడెన్షియల్ ఆఫీస్\అడ్మిన్ అని నడిపితే రెండూ మళ్లీ కలుస్తాయి. ఇక్కడ ఇచ్చే డొమైన్ అకౌంట్‌కి ఆ కంప్యూటర్ అకౌంట్‌ని రీసెట్ చేసే హక్కు ఉండాలి. డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చే పెద్ద పని చాలాసార్లు తప్పుతుంది.

గడియారం తేడా కూడా లాగిన్‌ని ఆపగలదు. కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడాను మాత్రమే సహిస్తుంది. టైమ్, తేదీతో పాటు టైమ్ జోన్ కూడా చూడండి. జోన్ తప్పుగా ఉండి గడియారం చేత్తో సరిచేస్తే, కంటికి సరిగ్గానే ఉంటుంది గానీ లోపల గంటల తేడా ఉంటుంది.

అకౌంట్‌లో "లాగ్ ఆన్ టు" దగ్గర కొన్ని కంప్యూటర్లకే పరిమితి పెట్టి ఉంటే, అవతలి కంప్యూటర్ పేరు ఒక్కటే ఆ జాబితాలో ఉంటే చాలకపోవచ్చు. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఉన్నప్పుడు మీరు ఎక్కడి నుంచి వస్తున్నారో ఆ కంప్యూటర్ పేరు కూడా ఉండాల్సి వస్తుంది. లాగిన్ వేళల పరిమితి కూడా అక్కడే ఉంటుంది, ఒకసారి చూడండి.

కారణం ఏదీ తేలకపోతే అవతలి కంప్యూటర్ ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 నంబరు వెతకండి. విఫలమైన లాగిన్‌కి కారణం, మీరిచ్చిన డొమైన్ పేరు, యూజర్ పేరు అందులో రాసి ఉంటాయి. డొమైన్ గడిలో మీ ల్యాప్‌టాప్ పేరు కనిపిస్తే రోగం అక్కడే తెలిసిపోతుంది. మీరు ప్రయత్నించిన సమయానికి 4625 అసలు లేకపోతే ప్రయత్నం అక్కడిదాకా చేరి ఉండకపోవచ్చు, ముందు నెట్‌వర్క్ అడుగుకి వెనక్కి వెళ్లండి.

పాస్‌వర్డ్ గడువు తీరితే

దూరం నుంచి పనిచేసేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. గడువు తీరిన పాస్‌వర్డ్‌తో, లేదా "యూజర్ మస్ట్ చేంజ్ పాస్‌వర్డ్ ఎట్ నెక్స్ట్ లాగాన్" టిక్ ఉన్న అకౌంట్‌తో నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ దాటలేరు. మార్చుకుందామంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే మార్చుకోవాలి. డొమైన్‌లో ఉన్న వేరే కంప్యూటర్ అందుబాటులో ఉంటే దాని ముందు కూర్చుని మార్చుకోవడం తేలిక. లేకపోతే అడ్మిన్ కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఆ టిక్ తీసేసి ఇవ్వాలి. అడ్మిన్లూ, ఇక్కడ ఒక చిక్కుంది. డిఫాల్ట్ డొమైన్ పాలసీలో పాస్‌వర్డ్ కనీస వయసు 1 రోజు. మీరు పెట్టిన తాత్కాలిక పాస్‌వర్డ్‌ని యూజర్ అదే రోజు మార్చుకోబోతే పాలసీ ఒప్పుకోదు. ఆ సంగతి యూజర్‌కి ముందే చెప్పండి.

ఆ పాలసీలోనే గరిష్ఠ వయసు 42 రోజులు అని ఉంటుంది, మీ సంస్థ దాన్ని మార్చి ఉండవచ్చు. గడువు దగ్గర పడుతుండగానే సెషన్ లోపల మార్చుకోవడం మంచిది. అక్కడ కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే మీ ముందున్న కంప్యూటరే పలుకుతుంది. అవతలి దానికి చేరాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కి "చేంజ్ ఎ పాస్‌వర్డ్" ఎంచుకోవాలి. ఒక రిమోట్ సెషన్ లోపలి నుంచి ఇంకో సెషన్‌లోకి వెళ్లి ఉంటే ఈ మీటలు మొదటి సెషన్‌కే చేరతాయి. అప్పుడు లోపలి సెషన్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరిచి, మీ కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని, తెర మీది డిలీట్ మీటను మౌస్‌తో నొక్కండి.

మార్చిన వెంటనే మీ కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, "టెర్మ్‌ఎస్‌ఆర్‌వీ" అని మొదలయ్యే పాత ఎంట్రీలు తీసేయండి. లేకపోతే పాత పాస్‌వర్డే వెళ్తూ ఉంటుంది.

పని అయ్యాక

కిటికీ మీది ఇంటూ గుర్తు నొక్కితే సెషన్ మూసుకోదు, డిస్కనెక్ట్ అవుతుంది. ప్రోగ్రాములు అవతల నడుస్తూనే ఉంటాయి. పొడవైన పని నడుస్తుంటే అది ఉపయోగమే. కానీ ఎక్కడో మర్చిపోయిన సెషన్ పాత పాస్‌వర్డ్‌తో షేర్ డ్రైవులను తట్టడం, మీరు పాస్‌వర్డ్ మార్చాక కూడా ఆపదు. దాంతో అకౌంట్ మళ్లీ మళ్లీ లాక్ అవుతుంది. లాక్ ఎక్కడి నుంచి పడిందో డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 చెబుతుంది, ఆ కంప్యూటర్ పేరు అందులోనే ఉంటుంది. అక్కడికి వెళ్లి "క్వెరీ సెషన్" కొట్టి, మీ సెషన్ నంబరు చూసి, "లాగాఫ్" తర్వాత ఆ నంబరు ఇస్తే అది ముగుస్తుంది. మామూలు రోజుల్లో స్టార్ట్ మెనూ నుంచి సైన్ ఔట్ చేస్తే ఈ తిప్పలుండవు.

మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే ఉండగలరు, మీరు వెళ్తే అక్కడున్నవారి సెషన్ తప్పుకోవాలి. సర్వర్‌లో అదనపు లైసెన్సులు లేకుండా పరిపాలన పనుల కోసం 2 సెషన్లు ఉంటాయి. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ పాత్ర పెట్టి ఎక్కువమందిని అనుమతిస్తే లైసెన్సులు లేకుండా 120 రోజులే గడువు. అది తీరాక లైసెన్స్ సర్వర్ లేదంటూ కనెక్షన్లు తెగిపోతాయి. అప్పుడు అడ్మిన్లు "ఎంఎస్‌టీఎస్‌సీ /అడ్మిన్" అని కొట్టి లోపలికి వెళ్లి సరిచేయవచ్చు.

డొమైన్ అడ్మిన్లకు ఇంకొక్క మాట. రిమోట్ డెస్క్‌టాప్ మామూలు పద్ధతిలో మీ పాస్‌వర్డ్‌ని అవతలి కంప్యూటర్‌కి అప్పగిస్తుంది. ఆ కంప్యూటర్‌లో ఇప్పటికే ఎవరైనా చొరబడి ఉంటే డొమైన్ మొత్తం తాళాలు వారి చేతికిచ్చినట్టే. యూజర్ల కంప్యూటర్లకు డొమైన్ అడ్మిన్ అకౌంట్‌తో వెళ్లకండి, దానికోసం విడిగా చిన్న హక్కులున్న అకౌంట్ పెట్టుకోండి. విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి, సర్వర్ 2016 నుంచి "ఎంఎస్‌టీఎస్‌సీ /రిమోట్‌గార్డ్" పద్ధతి ఉంది, దానిలో పాస్‌వర్డ్ మీ కంప్యూటర్ దాటి పోదు. అది కెర్బెరోస్‌తోనే పనిచేస్తుంది కాబట్టి ఐపీ అడ్రస్ కాకుండా కంప్యూటర్ పూర్తి పేరు ఇవ్వాలి, మీ కంప్యూటర్‌కి డొమైన్ కంట్రోలర్ కూడా అందుతూ ఉండాలి.